కళ్ల ముందు దాచిందా, జేబులో దాచిందా: ఏ మిస్టరీ మేలు?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక మిస్టరీ నవల 40వ పేజీ తిప్పేసరికి ఒక పేరు చుట్టూ నీలం పెన్నుతో సున్నా చుట్టి, పక్కన "వీడే" అని రాసి ఉంది. ఏ నవలో చెప్పను, చెబితే ఆ పాపంలో నాకూ వాటా వస్తుంది. ఒళ్లు మండి పుస్తకం పక్కన పడేశాను. రెండు రోజులాగి, డబ్బులు పెట్టి కొన్నాం కదా అని మళ్లీ తీశాను. ఇంకో అరవై పేజీలు చదివాక అసలు సంగతి తెలిసింది. హంతకుడి పేరు తీసేస్తే అందులో చదవడానికి ఏమీ లేదు. గుర్తుండే మనిషి లేడు, నవ్వించే మాట లేదు, ఆగి చూడాలనిపించే దృశ్యం ఒక్కటీ లేదు. ఆ సున్నా చుట్టినాయన పుస్తకాన్ని పాడుచేశాడనుకున్నాను గానీ, పాడవడానికి అందులో మాత్రం ఏముంది?

అప్పట్నుంచీ ఏ మిస్టరీ చదివినా ఒకటే చూస్తున్నాను. గుట్టు ముందే తెలిసిపోతే ఈ పుస్తకంలో ఇంకేం మిగులుతుంది? ఈ మధ్య కాలంలో బాగా అమ్ముడైన నవలల్ని ఆ లెక్కన పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి సత్తా ఎంతో తేలిపోతుంది.

ముందు పాతకాలపు పద్ధతి. ఒక హత్య, ఆరేడుగురు అనుమానితులు, వాళ్లలో ఒకడు దోషి. ఇలాంటివి చదివేటప్పుడు నాకో అలవాటుంది. సగం దాటగానే బుక్‌మార్క్ వెనక పెన్సిల్‌తో ఒక పేరు రాసుకుంటాను. చివర్లో తిప్పి చూసుకుంటే చాలాసార్లు తప్పే. ఆ తప్పు ఎవరి వల్ల జరిగిందన్నదే ఇక్కడ ముఖ్యం. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ మతగురువు, తనూ డిటెక్టివ్ నవలలు రాసినవాడే, ఈ రకం కథలకు పది నియమాలు పెట్టాడు. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి కూడా వెంటనే చూపించాలన్నది వాటిలో ఒకటి. అంటే దాచాలి, కానీ మన కళ్ల ముందే దాచాలి. జేబులో పెట్టుకుని చివరి అధ్యాయంలో బయటికి తీస్తే అది మోసం.

ఈ నియమాన్ని నమ్ముకుని ఇప్పుడు రాస్తున్నవాళ్లలో ఆంటొనీ హొరొవిట్జ్ 'మ్యాగ్‌పై మర్డర్స్' (2016) నాకు బాగా నచ్చింది. సూజన్ అనే ఎడిటర్ ఒక రచయిత రాతప్రతి చదువుతుంటుంది. ఆమెతోపాటు మనమూ 1955 నాటి పల్లెటూరి హత్య కథ మొత్తం చదువుతాం. తీరా డిటెక్టివ్ నోరు విప్పే సమయానికి చివరి అధ్యాయాలు మాయం. నేనైతే నా కాపీలోనే పేజీలు ఊడిపోయాయేమోనని అట్ట విప్పి చూశాను. ఆ తర్వాత ఆ పేజీల కోసం సూజన్ బయల్దేరితే అక్కడ రెండో ముడి. ఒకే ధరకి రెండు నవలలు. కాకపోతే రెండోది మొదటిదంత బిగువుగా ఉండదు.

జానిస్ హ్యాలెట్ 'ది అప్పీల్' (2021) ఇంకా గమ్మత్తైనది. కథ చెప్పేవాళ్లు లేరు. ఒక నాటక బృందంలోని మనుషులు ఒకరికొకరు పంపుకున్న ఈమెయిళ్లు, మెసేజ్‌లు మన ముందు కుప్ప పోస్తారు. న్యాయవాద వృత్తి నేర్చుకుంటున్న ఇద్దరు ఆ కట్ట చదువుతుంటారు, వాళ్లతో మనమూ. ఇజ్జీ అనే నర్సు కొత్తగా చేరిన స్నేహితురాలికి పొద్దస్తమానం ఈమెయిళ్లు పంపుతూ ఉంటుంది. అవతలి జవాబులు మనకు కనిపించవు. అసలు వస్తున్నాయా, వస్తే ఎలా ఉంటున్నాయి అన్నది ఆమె రాసేదాన్ని బట్టే ఊహించుకోవాలి. పదో ఈమెయిల్‌కి ఆ అమ్మాయి ఒంటరితనం చూసి నాకే ఇబ్బందిగా అనిపించింది. హత్య సంగతి మరిచిపోయినా ఇజ్జీని మరిచిపోలేదు. మొదటి వంద పేజీలు పేర్లతో తల తిరుగుతుంది, అది మాత్రం ఓర్చుకోవాలి.

రిచర్డ్ ఆస్మన్ 'ది థర్స్‌డే మర్డర్ క్లబ్' (2020) గురించి రెండు ముక్కలు చాలు. వృద్ధుల కాలనీలో నలుగురు పెద్దవాళ్లు గురువారం గురువారం కూర్చుని పాత కేసులు తవ్వుతుంటారు. ముడిగా చూస్తే నాకు వదులుగానే అనిపించింది. కానీ ఆ నలుగురిలో జాయిస్ రాసే డైరీ ఉంది చూడండి, దానికోసం హంతకుడెవడైనా ఫర్వాలేదనిపిస్తుంది.

ఇక రెండో జట్టు, ట్విస్టుల థ్రిల్లర్లు. ఈ గాలి గట్టిగా వీచింది గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' (2012) తర్వాతే. ఐదో పెళ్లిరోజున భార్య కనిపించకుండా పోతుంది. ఒక అధ్యాయం భర్త మాటల్లో, ఒక అధ్యాయం భార్య డైరీలో. ఎవరు నిజం చెబుతున్నారో తేలక టెన్షన్. దాన్ని చూసి రాసినవాళ్లు వందలమంది. అయితే వాళ్లలో చాలామంది పట్టుకున్నది ట్విస్టుని, వదిలేసింది అది ఉన్న చోటుని. 'గాన్ గర్ల్'లో ఆ పెద్ద మలుపు దాదాపు పుస్తకం మధ్యలో ఉంటుంది. గుట్టు విప్పేశాక ఇంకా సగం నవల నడపాలి. నడిపింది కూడా. ఎందుకంటే అప్పటికి మనకు కావాల్సింది ఏం జరిగిందన్నది కాదు, ఈ ఇద్దరూ ఇంకా ఒకరినొకరు ఏం చేసుకుంటారన్నది. మన దగ్గర సున్నా చుట్టేవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ రెండో సగాన్ని ఏమీ చేయలేరు.

దాని పక్కన అలెక్స్ మైకెలిడీస్ 'ది సైలెంట్ పేషెంట్' (2019) పెట్టండి. ఒక చిత్రకారిణి భర్త ముఖంలోకి ఐదుసార్లు కాల్చి, ఆ తర్వాత నోరు తెరవదు. ఆమె చేత మాట్లాడించాలని ఒక సైకోథెరపిస్ట్ పూనుకుంటాడు. ఎత్తుగడ అద్భుతం. నేను ఒక్క రాత్రిలో చదివేశాను, రెండున్నరకి లైటార్పాను. మలుపు చూసి "అబ్బా!" అన్నాను కూడా. బరువంతా ఆ చివరి మలుపు మీదే ఉంది కాబట్టి, ఆరు నెలల తర్వాత మళ్లీ తీస్తే పాత్రలు అట్టముక్కల్లా కనిపించాయి. చదవొద్దని అనను. చాన్నాళ్లుగా పుస్తకం ముట్టక, చేతికి ఫోన్ తప్ప ఏదీ పట్టనివాళ్లకు ఇంతకంటే మంచి మందు లేదు. కొని దాచుకోవాల్సినంత మాత్రం కాదు.

నెమ్మదిగా నడిచేవి మూడో రకం. లిజ్ మూర్ 'ది గాడ్ ఆఫ్ ది వుడ్స్' (2024) ఐదొందల పేజీలకు దగ్గర. 1975 ఆగస్టులో అడవిలోని ఒక వేసవి క్యాంపులో పొద్దున్నే పక్క చూస్తే పదమూడేళ్ల పిల్ల లేదు. ఆ క్యాంపు ఆమె కుటుంబానిదే. పద్నాలుగేళ్ల కిందట ఆమె అన్న కూడా అక్కడే కనిపించకుండా పోయాడు. వెతుకులాట కంటే ఆ ఇంటి డబ్బూ హోదా చుట్టుపక్కలవాళ్ల నోళ్లు ఎలా మూయించాయన్నదే ఇందులో నన్ను చదివించింది. కాలం ముందుకీ వెనక్కీ గెంతుతుంటుంది కాబట్టి రోజుకి పది పేజీలు చదివేవాళ్లు దీన్ని ముట్టుకోకపోవడం మంచిది. సెలవులకి పెట్టుకోండి.

మిస్టరీలే ఎందుకు, మామూలు నవలలు చదవొచ్చుగా అని అడిగేవాళ్లకి క్లెయిర్ కీగన్ 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' (2021) చేతిలో పెడతాను. వంద పేజీలు దాటి కొంచెం. 1985 క్రిస్మస్ ముందు, ఐర్లండ్‌లో బొగ్గు అమ్ముకునే బిల్ ఫర్లాంగ్ క్రైస్తవ సన్యాసినులు లాండ్రీ నడిపే కాన్వెంట్‌కి బొగ్గు వేయడానికి వెళ్లి, అక్కడి బొగ్గు గదిలో చలికి వణుకుతున్న ఒక అమ్మాయిని చూస్తాడు. పెళ్లికాకుండా తల్లులైనవాళ్లనీ, 'దారి తప్పారు' అనుకున్న ఆడపిల్లలనీ పెట్టి చాకిరీ చేయించిన మాగ్డలీన్ లాండ్రీలు ఆ దేశంలో నిజంగా ఉన్నాయి. చివరిది మూతబడింది 1996లో. ఈ నవలలో గుట్టు అనేదే లేదు, ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే. ఇంటికెళ్తే భార్య కూడా మనకెందుకులే అంటుంది. ఈయన ఏం చేస్తాడోనని పడ్డ టెన్షన్ నేను ఏ హంతకుడి కోసమూ పడలేదు.

అన్నీ పక్కన పెట్టి ఒక్కటే ఎంచుకోమంటే కెయ్‌గో హిగాషినో జపనీస్ నవల, ఇంగ్లీషులో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. మాతృక 2005లో వచ్చి, జపాన్‌లో పేరున్న సాహిత్య పురస్కారం నవోకి బహుమతి అందుకుంది. మిగతావాటి కంటే పాతదే, అయినా వదల్లేను. హంతకులెవరో మొదటి అధ్యాయంలోనే రచయిత చెప్పేస్తాడు. వేధిస్తున్న మాజీ భర్తని తల్లీకూతుళ్లు ఆ కంగారులో చంపేస్తారు. మనం ఆ గదిలోనే ఉండి చూస్తాం. గోడ అవతల ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి వచ్చి, ఇక నేను చూసుకుంటాను అంటాడు. అక్కడ్నుంచి ఆయనకీ, ఆయన పాత స్నేహితుడైన భౌతికశాస్త్రవేత్త యుకావాకీ మధ్య చదరంగం.

ఒకచోట ఇషిగామి తను పరీక్షల్లో ఇచ్చే లెక్కల గురించి చెబుతాడు. చూడ్డానికి జ్యామితి లెక్కలా ఉంటుంది, నిజానికి అది బీజగణితం. పిల్లలు ముందే ఒక అభిప్రాయానికి వచ్చేసి అక్కడే బోల్తా పడతారట. ఈ మాట ఆయన పోలీసుతోనే అంటాడు. ఇంతకంటే కళ్ల ముందు పెట్టి దాచడం ఇంకేముంటుంది! మొదటి పేజీల్లో ఆయన నది పక్కన నడుచుకుంటూ స్కూలుకి వెళ్లే దృశ్యం ఉంది. మొదటిసారి నేను దాన్ని గబగబా దాటేశాను, కథ ఇంకా మొదలవలేదు కదా అని. రెండోసారి చదివినప్పుడు ఆ నడక దగ్గరే పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను.

ఆ పుస్తకం బుక్‌మార్క్ ఇంకా నా దగ్గరుంది. సగం దగ్గర పేరు రాద్దామంటే హంతకులు ముందే తెలిసిపోయారు కాబట్టి, కాస్త గర్వంగా వేరే మాట రాశాను: "ఇందులో కనిపెట్టడానికి ఏమీ లేదు." అదీ తప్పే.