మోడళ్లను నమ్ముకుని నార్కండ వెళ్తే: మంచు దొరికింది, ఫ్లైట్ పోయింది

"మంచు చూడ్డానికి హిమాచల్ దాకా ఎందుకే, లంబసింగి ఉందిగా?" అంది మా అమ్మ. వైజాగ్ మనిషి అడగాల్సిన ప్రశ్నే. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. రాత్రి ఆరుబయట ఉంటే తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతారని ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. కాకపోతే అక్కడ మనం చూసేది పొగమంచు, మహా అయితే గడ్డి మీద పేరుకున్న తెల్లటి నూగు. తెలుగులో వాటినీ మంచే అంటాం, ఆకాశం నుంచి రాలేదాన్నీ మంచే అంటాం. నాకూ మా తమ్ముడికీ కావాల్సింది రాలే మంచు.

మా ఇద్దరికీ ఈ పిచ్చి పట్టింది 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజు. ఆ రోజంతా వంటింట్లో నక్కి కూర్చున్నాం. ఆ తర్వాత బంగాళాఖాతంలో ఏ అల్పపీడనం పుట్టినా మోడళ్ల (వాతావరణాన్ని ముందుగా లెక్కకట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాముల) మ్యాపులు చూడనిదే మాకు నిద్ర పట్టదు. డిసెంబరు దాటాక అక్కడ పెద్దగా పని ఉండదు కాబట్టి చూపు పడమటికి తిరుగుతుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి ఇరాన్, అఫ్గానిస్థాన్ మీదుగా వచ్చే వెస్ట్రన్ డిస్టర్బెన్స్‌లు అనే ఒకరకం అల్పపీడనాలే హిమాలయాలకు చలికాలపు మంచు మోసుకొస్తాయి.

ఒకసారి చేతులు కాల్చుకున్నాం కూడా. 2024 జనవరి మొదట్లో గుల్మార్గ్‌కి రెండు నెలల ముందే అన్నీ బుక్ చేసుకుని వెళ్లాం. ఆ నెల కశ్మీర్‌లో చాలావరకు పొడిగానే గడిచింది. స్కీయింగ్ చేసే వాలు మీద గోధుమరంగు గడ్డి, ఆ గడ్డి మీద అద్దె గమ్‌బూట్లు వేసుకుని మేము. నెలాఖరుకి మంచు పడింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో స్టేటస్ కాల్‌లో ఉన్నాను.

అందుకే ఈసారి ముందు మోడళ్లు, తర్వాతే టికెట్లు అనుకున్నాం. అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్ అనే మోడల్ రోజుకి నాలుగుసార్లు కొత్తగా లెక్కకడుతుంది. మన టైములో ఒకటి పొద్దున తొమ్మిది ప్రాంతంలో, ఇంకొకటి రాత్రి తొమ్మిదికి రావడం మొదలవుతుంది. యూరోపియన్ మోడల్ రాత్రి లెక్క చూడాలంటే దాదాపు పన్నెండు దాకా మేలుకోవాలి. మావారికి చిరాకొచ్చేది అక్కడే. జనవరిలో ఒక శనివారం రాత్రి జీఎఫ్ఎస్, వచ్చే శుక్రవారానికి సిమ్లాకి పైనున్న నార్కండలో అరవై సెంటీమీటర్లు అంది. తెల్లారేసరికి అదే జీఎఫ్ఎస్ ఎనిమిది అంది. తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్‌లో నిట్టూర్పు తప్ప మాట లేదు. యూరోపియన్ మాత్రం పాతిక, ముప్పై మధ్యే తిరిగింది. దానికి ఎన్‌సెంబుల్ అని ఒకటుంది. మొదలుపెట్టే లెక్కలో చిన్న చిన్న తేడాలు పెట్టి అదే మోడల్‌ని యాభైసార్లు నడుపుతారు. సోమవారం రాత్రికి ఆ యాభైలో నలభైకి పైగా మంచు చూపించాయి. "అక్కా, ఇక బుక్ చేసెయ్" అన్నాడు. చివరి నిమిషం కాబట్టి ఫ్లైట్‌కి మనిషికి మూడు వేలు ఎక్కువైంది. గుల్మార్గ్ గడ్డికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే చవకే.

ఊరు ఎంచుకునేటప్పుడు మాత్రం మోడల్ చూపే సెంటీమీటర్లు పట్టుకుని గది తీసుకోకండి. మోడళ్లు నేలని గళ్లుగా విడదీసి ఒక్కో గడికి ఒక లెక్క కడతాయి. జీఎఫ్ఎస్ గడి దాదాపు 13 కిలోమీటర్లు, యూరోపియన్‌ది 9, మన వాతావరణ శాఖ 2025లో తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది 6. అంత పెద్ద గడిలో కొండా లోయా కలిసిపోయి ఒకే ఎత్తవుతాయి. మేము చూసేది సున్నా డిగ్రీల గీత, అంటే గాలి సున్నాకి చల్లబడే చోటు, ఎంత ఎత్తులో ఉందని. మామూలుగా మంచు దానికింద రెండు మూడు వందల మీటర్ల దాకా కరగకుండా దిగుతుంది. ఆ శుక్రవారం సాయంత్రం గీత 2,600 మీటర్ల దగ్గర ఉండి, అర్ధరాత్రికి 2,100కి దిగేట్టు ఉంది. సిమ్లా సుమారు 2,200, నార్కండ 2,700. అంటే సిమ్లాలో ముందు వాన, నార్కండలో మొదటి నుంచీ మంచే.

హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కి ఫ్లైట్, అక్కణ్ణుంచి టాక్సీలో నాలుగు గంటలు. టైముంటే కల్కా నుంచి సిమ్లాకి 96 కిలోమీటర్ల బొమ్మ రైలు ఎక్కండి. మాకు లేదు.

గురువారం రాత్రి సిమ్లాలో కార్ట్ రోడ్డుకి దిగువన ఒక హోటల్లో దిగాం. ఫొటోలో బాల్కనీ నిండా మంచు ఉంది. తీరా వెళ్తే బాల్కనీ ఎదురుగా పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకులు. హీటర్‌కి రాత్రికి ఐదొందలు విడిగా అన్నారు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా లేదు. అడిగితే "సీజన్ హై, మేడమ్" అన్నాడు హోటల్ అతను. గీజర్ మాత్రం బాగా పనిచేసింది, అది ఒప్పుకోవాలి. పైనున్న ప్రధాన బజారు మాల్ రోడ్డు మీదకి టూరిస్టు బళ్లు రానివ్వరు. కార్ట్ రోడ్డు నుంచి పైకి లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లుంటే దానికి దగ్గర్లో గది చూసుకోండి. మేము చూసుకోలేదు, మెట్లెక్కి మావారి మోకాళ్లు పట్టేశాయి.

శుక్రవారం నార్కండ చేరాం, సిమ్లాకి అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆపిల్ తోట పక్కన ఒక ఇల్లు, పైన మూడు గదులు బాడుగకిస్తారు. గోడలకి దేవదారు చెక్క, హాల్లో ఇనప పొయ్యి, దాన్ని తందూర్ అంటారు. మాకంటే ఎక్కువగా మంచు కోసం ఎదురుచూస్తున్నది ఇంటావిడ. ఆపిల్ చెట్టుకి చలికాలంలో వందల గంటల చలి తగలాలి, నేలలోకి నెమ్మదిగా దిగే తేమ కావాలి. అందుకే అక్కడి రైతులు మంచుని తెల్ల ఎరువు అంటారు. తమ్ముడు మ్యాప్ చూపించి రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది అంటే, ఆవిడ కిటికీలోంచి చూసి "ముందే పడుతుంది" అంది.

ఏడున్నరకి రేకుల మీద టపటపా చప్పుడైంది. ముగ్గురం బయటికి పరిగెత్తాం. పడేది వాన కాదు, పూల మంచూ కాదు, అచ్చం సగ్గుబియ్యం. తమ్ముడి జర్కిన్ చేతి మీద పడి గెంతి కింద రాలుతోంది. పది నిమిషాల తర్వాత గింజలు మెత్తబడ్డాయి, వీధిదీపం కింద దూదిపింజల్లా తేలుతూ దిగడం మొదలైంది. అప్పుడు రేకుల చప్పుడు ఆగిపోయింది. ఇంత పడుతూ ఏ చప్పుడూ లేకపోవడం వానలు చూసి పెరిగినవాళ్లకి వింతగా ఉంటుంది. మావాడి స్కూలు బ్యాగులోంచి తెచ్చిన స్టీలు స్కేలుతో పొద్దున ఏడింటికి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కొలిచాం. 23 సెంటీమీటర్లు.

ఇక కష్టాలు. రాత్రి రెండింటికి పోయిన కరెంటు శనివారమంతా రాలేదు. పంపుల్లో నీళ్లు గడ్డకట్టాయి. ఇంటావిడ పొయ్యి మీద బకెట్లు కాచి ఇచ్చింది, దానికి పైసా తీసుకోలేదు. నెయ్యి పోసిన సిడ్డూ (ఆవిరి మీద ఉడికించే రొట్టె), రాజ్మా అన్నం హాల్లో పొయ్యి చుట్టూ కూర్చుని తిన్నాం. గదికి రోజుకి రెండున్నర వేలు. బాత్‌రూమ్ చలిని లెక్కేసుకున్నా మళ్లీ అక్కడికే వెళ్తాను.

మమ్మల్ని తెచ్చిన టాక్సీ అబ్బాయి టైర్లకి చుట్టే చైన్లు లేవని శుక్రవారమే దిగిపోయాడు. ఆదివారం సాయంత్రం ఫ్లైట్. సిమ్లా దారిలో కుఫ్రీ, ఫాగూ దగ్గర రోడ్డు మూసేశారు. మేము మంచు ఎప్పుడు పడుతుందో చూశాం గాని, పడ్డాక ఏమవుతుందో చూడలేదు. ఆదివారం తెల్లవారుజామున మైనస్ ఆరు అని మా ఫోన్లోనే ఉంది. కరిగిన నీళ్లు రాత్రికి రోడ్డు మీద గాజులా గట్టిపడతాయన్న ఆలోచనే రాలేదు. ఒక ఫోర్ బై ఫోర్ వాడు సిమ్లాకి తొమ్మిది వేలు అడిగాడు. వద్దని సోమవారం పొద్దున హెచ్ఆర్‌టీసీ (హిమాచల్ ఆర్టీసీ) బస్సెక్కాం. డ్రైవర్ మలుపుల్లో బస్సుని నడిపించిన తీరుకి దణ్ణం పెట్టాలి. ఎయిర్‌లైన్ వాళ్లు మాత్రం రోడ్డు మూసేస్తే తమకు సంబంధం లేదన్నారు, టికెట్ డబ్బులు పోయాయి. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.

మిగతా ఊళ్ల సంగతి అడుగుతారని చెప్తున్నాను. కుఫ్రీలో గుర్రాల పేడ, బురద ఎక్కువ, రాత్రి ఉండక్కర్లేదు. మనాలి ఊరు సిమ్లా కంటే కాస్త దిగువే, దానికి పైనున్న సోలంగ్ లోయ నయం. అటల్ టన్నెల్ దాటితే సిస్సూలో మంచు ఖాయమే గాని, గట్టిగా పడే రోజున ఆ టన్నెల్ దాకా మామూలు బళ్లని వదలరు. పడిన మంచు చూడాలంటే అటు, పడుతుంటే చూడాలంటే నార్కండ.

మంగళవారం పొద్దున చండీగఢ్ ఎయిర్‌పోర్టులో కొత్త టికెట్లతో కూర్చున్నాం. అద్దాల అవతల ఏమీ కనిపించడం లేదు. ఫ్లైట్ నాలుగు గంటలు లేటు. అమ్మ ఫోన్ చేసింది.

"ఇంకా అక్కడే ఉన్నారేంటే?"

"మంచు పడిందమ్మా, ఫ్లైట్లు ఆగిపోయాయి."

"మరి దానికేగా వెళ్లారు!" అంది.