నాలుగేళ్లు రాసిన ఎర్ర పుస్తకం: అప్పులు తీరాక నా సమీక్ష

జమాఖర్చులు రాస్తే అప్పులు తీరతాయా అని మా వీధిలో చాలామంది అడిగారు. మాకైతే తీరాయి. 2021 ఉగాదికి మొదలుపెట్టిన ఎర్ర అట్ట చిట్టా పుస్తకం 2025 ఎండాకాలానికల్లా మమ్మల్ని వడ్డీల్లోంచి బయటపడేసింది. ఇన్నేళ్లు వాడాను కాబట్టి దాని మంచీ చెడూ రెండూ తెలుసు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మేం ఒంగోల్లో అద్దెకుంటాం. మా ఆయన చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఇద్దరిదీ కలిపితే నెలకి 30 వేలకి అటూ ఇటూ. ఆడబిడ్డ పెళ్లి, ఆ వెంటనే మామయ్య ఆపరేషను, రెండూ మీద పడ్డాయి. తెలిసిన పెద్దాయన దగ్గర లక్షన్నరకి ప్రోనోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నగలు కుదువ కొట్లో 80 వేలకి, అక్కడా రెండు రూపాయలే. ముందే పాడుకున్న చీటీకి నెలనెలా 5 వేలు. ఇవిగాక గ్రూపు మీద తీసుకున్న ఫైనాన్సు లోను. నోటుకి 3 వేలు, నగలకి 1,600, నెల తిరిగేసరికి 4,600 వడ్డీకే పోయేది. అసలు మాత్రం అంగుళం కదిలేది కాదు.

పుస్తకం మామూలుదే. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. రోజూ రాత్రి అన్నాలయ్యాక కూర్చుని రాయడం. చాలామంది ఖర్చుల పేజీయే ముఖ్యమనుకుంటారు. నన్నడిగితే చివరి పేజీ అంతకన్నా ముఖ్యం. అక్కడ అప్పులన్నీ వరసగా రాసి, వడ్డీలన్నిటినీ ఒకే కొలతలోకి తెచ్చాను: నెలకి నూటికి ఎంత. మనిషి దగ్గర తెచ్చిన అప్పుకి రూపాయల లెక్క చెబుతారు, బ్యాంకువాళ్లు ఏడాదికి ఇంత శాతమంటారు, ఫైనాన్సువాళ్లు ఫ్లాట్ అంటారు. మూడు భాషల్లో ఉంటే ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చుకోలేం. ఏడాదికి 9 శాతమంటే నెలకి నూటికి ముప్పావలా. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఇక 12 శాతం ఫ్లాట్ అని చెప్పి ఏడాది వాయిదాలు పెడితే అది 12 కాదు. మనం నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వాళ్లు చివరిదాకా మొత్తం అసలు మీదే వడ్డీ వేస్తారు గనక నిజానికి 21 శాతం దాటుతుంది. అంటే నూటికి 1 రూపాయి 80 పైసలు. ఈ పేజీ రాసిన రోజే ఏ అప్పు ముందు తీర్చాలో తేలిపోయింది.

పొదుపు చేసిన డబ్బు అదే వారంలో అసలుకి చేరకపోతే ఆ పొదుపు వల్ల అప్పు తగ్గదు. కూరల్లో మిగిల్చిన 200, ఆటో మానేసి నడిచిన 30, పాల ప్యాకెట్టు తగ్గించిన 900, ఇవన్నీ చేతిలో ఉంటే ఏదో ఒక అవసరం వచ్చి పట్టుకుపోతుంది. అందుకని చిన్న డబ్బా పెట్టి, మిగిలిందల్లా అందులో వేసి, 5 వేలు కాగానే నోటు అసలుకి కట్టేదాన్ని. రెండు రూపాయల వడ్డీ మీద 5 వేలు అసలుకి పోతే నెలకి 100 రూపాయలు వడ్డీ తగ్గుతుంది. ఆ వంద మళ్లీ డబ్బాలోకే. మొదట్లో చాలా నెమ్మది. ఏడాది దాటాక ఆ నోటుకి నెల వడ్డీ 3 వేల నుంచి 2,200కి దిగింది. ఆ అంకె చూశాక మా ఆయనే రాత్రిపూట పుస్తకం తీసి నా ముందు పెట్టడం మొదలుపెట్టారు.

అయితే అసలు ముక్కలుగా తీసుకోవడం అప్పిచ్చినవాళ్లకి అంత ఇష్టముండదు. పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. "ఇట్టా విడివిడిగా ఎందుకమ్మాయ్, వడ్డీ సక్రమంగా ఇస్తన్నారుగా. అసలు ఒకేసారి ఇద్దురులే" అన్నారు. "ఒకేసారంటే మా వల్ల కాదు బాబాయ్. ఇట్టా అయితేనే తీరేది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి లోపలికెళ్లి నోటు తెచ్చారు. వెనక వైపు తేదీ వేసి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ 5 వేలు చెల్లు అని రాసి, మా ఆయన సంతకం చేశారు. నేను అక్కడే ఫోనులో రెండు వైపులా ఫొటో తీసుకున్నాను. తర్వాత ఎప్పుడు కట్టినా అంతే. నోటు వెనక చెల్లు పడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఎంత దగ్గరి మనిషైనా సరే. ఇంకొకటి. ప్రోనోటుకి చట్టప్రకారం గడువు మూడేళ్లు గనక ఆలోగా తిరగరాయమంటారు. అప్పటిదాకా వడ్డీ కట్టకుండా ఉంటే, లక్షకి రెండు రూపాయల లెక్కన 72 వేలు వడ్డీ పేరుకుని, కొత్త నోటు 1,72,000కి రాస్తారు. అక్కడినుంచి నెల వడ్డీ 2 వేలు కాదు, 3,440. మా పల్లెల్లో పొలాలు పోయిన ఇళ్లు నాకు తెలుసు. చాలావాటిలో కొత్త అప్పేం లేదు, తిరగరాసిన నోట్లే ఉన్నాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో మండుతుంది.

నగల సంగతి వేరు. అక్కడ అసలు తీర్చక ముందే వడ్డీ తగ్గించుకోవచ్చు. కొట్లో నెక్లెసూ గాజులూ విడివిడి చీట్ల మీద ఉన్నాయి. పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి కొంత తీసుకుని ముందు నెక్లెసు విడిపించాను. దాన్ని బ్యాంకులో పెట్టాను. బంగారం ధర పెరిగి ఉండటంతో ఎక్కువ ఇచ్చారు. ఆ డబ్బుతో గాజులు విడిపించి అవీ బ్యాంకుకే చేర్చి, సంఘం బాకీ కట్టేశాను. అప్పు అదే 80 వేలు, వడ్డీ మాత్రం 1,600 నుంచి 600కి వచ్చింది. నెలకి వెయ్యి మిగలడానికి నేను తిండిలో ఏదీ తగ్గించుకోలేదు. కుదువ కొట్లో నగలున్న ప్రతి ఇల్లూ ముందు చేయాల్సిన పని ఇదే.

పొదుపు సంఘం లేకపోతే ఆ నాలుగు రోజుల సర్దుబాటు కుదిరేది కాదు. మా అమ్మవాళ్లది కోవూరు దగ్గర. దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన కథ చిన్నప్పుడు అమ్మ నోట వింటూ పెరిగాను. 1993లో సారా ఆగాక, తాగుడుకి పోయే డబ్బు రోజుకి రూపాయి చొప్పున దాచుకోవడం నెల్లూరు జిల్లాలో ఊరూరా పాకింది. పొదుపులక్ష్మి అని పేరు. అమ్మ ఆ సంఘంలోనే లెక్క రాయడం నేర్చుకుంది, నాకూ నేర్పింది.

ఫైనాన్సు లోను గురించి ఒక మాట. సూక్ష్మ రుణాలకి రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనల్లో, ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదని స్పష్టంగా ఉంది. ఇంటి ఆదాయంలో సగానికి మించి వాయిదాలకే పోయేలా రుణం ఇవ్వకూడదని కూడా ఉంది. మా గ్రూపు దగ్గరికి వసూలుకొచ్చిన అబ్బాయి ముందు కట్టడం కుదరదన్నాడు. నిబంధన సంగతి చెప్పి, కాగితం మీద రాసిమ్మన్నాక కుదిరింది.

ఇక రోజువారీ పొదుపు. అన్నిట్లోకీ బియ్యం దగ్గర మిగిలినంత ఇంకెక్కడా మిగల్లేదు. నెల్లూరు వైపు రబీ కోతలప్పుడు మా అన్నయ్య ద్వారా అర పుట్టి ధాన్యం తీసుకుంటాం. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. అర పుట్టి మర ఆడిస్తే 270, 280 కిలోల బియ్యం వస్తాయి. మా ఇంటికి దాదాపు ఏడాది సరిపోతాయి. కొట్లో నెలనెలా పాతిక కిలోల బస్తా కొనేదానికీ దీనికీ చాలా తేడా. కాకపోతే ఇది చేతిలో డబ్బుంటేనే చేయాలి. ధాన్యం కోసం వడ్డీకి తెస్తే మిగిలేదంతా వడ్డీకే పోతుంది. మేం మొదటి రెండేళ్లు ఆ పని పెట్టుకోలేదు, చీటీ అయిపోయాకే మొదలుపెట్టాం. చింతపండు, మిరపకాయలు, కందిపప్పు కూడా అంతే, కొత్తవి వచ్చే కాలంలో కొనేస్తాను.

కరెంటు బిల్లులో శ్లాబులు తెలుసుకోవడం పనికొచ్చింది. 2022 నుంచి మన రాష్ట్రంలో ఇళ్లకి 125 యూనిట్లు దాటినవాటికి యూనిట్ 6 రూపాయలు, 225 దాటి 400 దాకా 8.75. సర్దుబాటు చార్జీలు వేరే. ఒంగోలు ఎండల్లో కూలరు ఆపమని ఎవరికీ చెప్పను, పిల్లలున్న ఇంట్లో అది కుదిరే పని కాదు. నేను చేసిందల్లా నెల మధ్యలో ఒకసారి మీటరు చూసి, ఇస్త్రీ, మోటారు అంతకు తగ్గట్టు వాడుకోవడం.

ఫోన్ యాప్‌లు కూడా వాడి చూశాను. బ్యాంకు మెసేజీలు చదివి వాటంతటవే లెక్క వేస్తాయి, ఆ సౌకర్యం బాగుంది. కానీ సంతలో నగదు ఖర్చు వాటికి తెలియదు, పైగా ఆ లెక్క నా ఫోనులో నాకే కనిపిస్తుంది. పుస్తకం గూట్లో ఉంటే అత్తయ్య చూస్తారు, పిల్లలు చూస్తారు. మా పెద్దది ఒకరోజు తనే కూడిక సరిచేసింది. స్కాన్ చేసి కట్టే డబ్బు చేతిలోంచి పోయినట్టే అనిపించదు కాబట్టి కూరలకీ పాలకీ నగదే వాడాను.

ఇక లోపాలు. మొదటిది, ఆదాయం ఆగితే పుస్తకం ఏమీ చేయలేదు. ఆర్డర్లు లేక ఫ్యాక్టరీ మూతపడిన నెలల్లో ఖర్చుల పేజీ ఎంత శుభ్రంగా రాసినా జమ వైపు ఖాళీయే. అప్పుల మధ్యే కనీసం ఒక నెల వాయిదాలకి సరిపడా విడిగా ఉంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. అది లేకుంటే చేబదుళ్లకి పోవాలి, చేబదులు దొరక్కపోతే మళ్లీ వడ్డీకే. రెండోది, చదివింపులు. శ్రావణంలో, మాఘంలో ఒక్కో వారం మూడు శుభలేఖలు వస్తాయి. మన దగ్గర చదివింపంటే తిరిగిచ్చే బాకీ లాంటిదే. ఎవరు మనకెంత రాశారో అంత రాయకపోతే మాట పడాలి. దానికి తగ్గింపు మార్గం నాకు దొరకలేదు. ఏడాదికి ఇంత అని ముందే పక్కన పెట్టడం తప్ప. మూడోది, అలుపు. రెండో ఏడాదిలో ఇద్దరికీ విసుగొచ్చింది. అప్పటినుంచి నెలకోసారి చేపల పులుసు, పిల్లలకి సినిమా, ఈ రెండూ బడ్జెట్లోనే రాసేశాను. అవి ఖర్చు కాదు, మనుషులం నిలబడటానికి కావాల్సినవి.

నెలనెలా ఎంతో కొంత చేతికొచ్చే ఇళ్లకి, భార్యాభర్తలిద్దరూ లెక్క దాచుకోకుండా ఉండే ఇళ్లకి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. పొగాకు, శనగ మీద బతికే రైతు ఇంట్లో డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది. వాళ్లకి ఖర్చుల పేజీకన్నా చివరి పేజీ ఉపయోగం. పంట డబ్బు వచ్చిన రోజు ముందు ఏ నోటుకి పోవాలో అది చెబుతుంది. రోజువారీ వడ్డీల్లో చిక్కుకున్నవాళ్లకి మాత్రం పుస్తకం ఒక్కటే చాలదు. ముందు సంఘం ద్వారానో బ్యాంకు ద్వారానో ఆ అప్పుని తక్కువ వడ్డీలోకి మార్చుకోవాలి.

చివరి 5 వేలు కట్టిన రోజు నోటు అక్కడే అడిగి తెచ్చుకున్నాం. మీరూ అలాగే చేయండి. పూర్తిగా చెల్లు అని రాయించి, అసలు కాగితాన్ని ఇంటికి తెచ్చుకోండి. "నా దగ్గరే ఉంటుందిలే" అంటే ఒప్పుకోవద్దు. పుస్తకం కొనేవాళ్లు కుట్టు బైండింగ్ ఉన్నది చూసి కొనండి. స్పైరల్ పుస్తకంలో పేజీలు ఊడొస్తాయి, ఊడేది ఎప్పుడూ ఆ చివరి పేజీయే.