మెట్టుగడ్డ దిక్కు జొన్నరొట్టెల పొయ్యి: ఎనిమిది నెలలు తిన్నంక రాస్తున్న

బోర్డు లేదు, పేరు లేదు, అందుకే ముందు జాగ చెప్త. మహబూబ్‌నగర్ల న్యూటౌన్ నుంచి మెట్టుగడ్డ దిక్కు పోతుంటే వేపచెట్టు కింద నీలం పట్ట కప్పిన రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తది, రెండు పొయ్యిలు, రెండు పెద్ద పెంకలు, సాయంత్రం ఐదున్నర అయితే చాలు రొట్టె కొట్టే సప్పుడు రోడ్డు మీదికే ఇనొస్తది. ఇద్దరు అక్కచెల్లెండ్లు నడుపుతరు. నేను వారానికి నాలుగు రోజులన్న అక్కడ తింటున్న, ఎనిమిది నెలలాయె.

నా సంగతి కొంచెం చెప్పాలె, లేకుంటే రొట్టెల గురించి ఇంతగనం ఎందుకు రాస్తున్ననో అర్థం కాదు. నాకు 43 ఏండ్లు, పొద్దంత కుర్చీల కూసొని చేసే పని. పోయిన ఏడాది రక్తపరీక్ష చేపిస్తే మూడు నెలల షుగర్ సగటు (HbA1c) 6.1 శాతం ఒచ్చింది, అంటే షుగర్ ఇంట్లకి రాలేదు గని గడప కాడికి ఒచ్చి నిలవడ్డది, 5.7 నుంచి 6.4 దాక ఉంటే గట్లనే లెక్క. బరువు 78 కిలోలు. డాక్టరమ్మ ఐదారు కిలోలు తగ్గినా మస్తు ఫరక్ పడ్తది అన్నది. మాంసం, గుడ్లు నేను అంతకుముందే బంద్ పెట్టిన, ఒక దసరాకు మా ఊర్ల నేను చేతులతోని పెంచిన మేకపిల్లను కోసిన్రు, ఇగ అప్పటి సంది నోట్లెకు పోలే. పాలు, పెరుగు చిన్నప్పటి నుంచే పడయి. మరి పాలు లేక, గుడ్డు లేక, కూర ముక్క లేక బరువు తగ్గుతనంటే ఇంట్ల అందరు ఒకటే మాట, ఆకలికి ఆగలేవే అని.

వాళ్లు అన్నది నిజమే అయింది మొదట్ల. ఒక కంపెనీ నుంచి డైట్ డబ్బాలు తెప్పిచ్చుకున్న, పేరు రాయను, మూడు వారాలు తిన్న. కీర, క్యాబేజీ, క్యారెట్ తురుము, పైన నాలుగు మక్కగింజలు, నిమ్మరసం. తిన్నప్పుడు కడుపు నిండినట్టే ఉంటుండె, సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి కడుపుల ఎలుకలు ఉరుకుతుండె, చేతులు వణుకుతుండె, మనిషి మీద మనిషికి కోపం ఒస్తుండె. ఆఫీసు బయట మిర్చి బండి. రెండు మిర్చీలు తిందునని పోతి, నాలుగు తింటి. రాత్రి మళ్ల పచ్చిపులుసు పోసుకొని గిన్నెడు బువ్వ. మూడు వారాల్ల కిలో తగ్గిన, నెల తిరిగేసరికి కిలోన్నర పెరిగిన. నాకు మనసు గట్టిగ లేదు, నోరు కట్టుకోనీకి రాదు అని మస్తు బాధపడ్డ అప్పుడు. ఇప్పుడు తెలుస్తుంది, తప్పు నా నోట్ల లేకుండె, ఆ డబ్బాల ఉండె. అండ్ల పప్పుగింజ లేదు, ఒట్టి నీళ్లు, ఆకులు. కడుపు కొంచెం సేపు ఉబ్బుతది, నీళ్లు దిగంగనే ఖాళీ.

ఈ పొయ్యి కాడికి మొదటి రోజు వాన పడ్తుంటే నిలవడనీకి పోయిన. పెద్దక్క "తింటవామ్మా, ఏడేడిది" అన్నది. రెండు రొట్టెలు, అలసంద గుడాలు, పాలకూర. ఆరున్నరకు తిన్న. రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లలకు బువ్వ పెడ్తుంటే నాకు తినబుద్ధి కాలేదు, అది నాకు ఎన్ని ఏండ్ల తర్వాత అయిందో చెప్పలేను. పొద్దుగాల లేసినంకనే ఆకలి.

ఇగ రొట్టె సంగతి. మా ఇంట్ల నేను చేస్తే పలుగుతది, అంచులు చీలుతయ్. గోధుమ పిండి లెక్క జొన్న సాగదు, దాంట్ల ఆ జిగురు ఉండదు, అందుకే ఈడ చిన్నక్క మసిలే నీళ్లు పోసి పిండి కలుపుతది, ఎప్పటి ముద్ద అప్పుడే, కలిపి పెట్టి ఉంచదు. రెండు చేతులతోని తిప్పుకుంట కొడ్తది, పెంక మీద ఏసి పైన తడిబట్టతోని నీళ్లు రాస్తది, తిప్పేసి ఆఖరికి మంట మీద పెడ్తే బూరె లెక్క పొంగుతది. నూనె చుక్క పడదు. పిండి పాతబడితే రొట్టె పలుగుతది, చేదు కొడ్తది, అందుకే రెండు మూడు రోజులకోసారి కొంచెం కొంచెమే పట్టిస్తరంట. గోధుమ పిండి కలుపుతరా అని నేను మొదట్లనే అడిగిన, కొన్ని జాగలల్ల కలుపుతరు మెత్తగ రానీకి, ఈడ కలపరు, కండ్ల ముందరనే డబ్బా తెరిచి చూపించింది.

నాకు లెక్కలు కావాలె, అందుకే ఒకరోజు ముద్దకు ఎంత పిండి పడ్తదో అక్కను అడిగి ఇంట్ల తూకం ఏసి చూసిన, సుమారు 60 గ్రాములు. మన హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017ల ఇచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల 334 కేలరీలు, ప్రోటీన్ 10 గ్రాములు, పీచు కూడ 10 గ్రాములు ఉంటయ్. అంటే రెండు రొట్టెలకు 400 కేలరీలు, పన్నెండు గ్రాముల పీచు. అదే తెల్ల బియ్యం 100 గ్రాములల్ల 356 కేలరీలు, పీచు మూడు గ్రాములు కూడ లేదు. కేలరీలు చూస్తే పెద్ద తేడా లేదు కదా అనుకోవచ్చు, నేను గూడ అనుకున్న, తేడా అంత పీచుల ఉన్నది, నమలుట్ల ఉన్నది. పచ్చిపులుసు బువ్వ ఐదు నిమిషాలల్ల జారిపోతది, కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందనీకి పదిహేను ఇరవై నిమిషాలు పడ్తది, ఆ లోపల నేను రెండోసారి ఏసుకునేదాన్ని. రొట్టెను అట్ల మింగనీకి రాదు, నమలాలె, రెండు తినేసరికి పావుగంట ఎటుపోయిందో తెలవదు.

కాని ఒట్టి రొట్టె తింటే గూడ పని కాదు, అది నేను తిని చూసిన. ఎల్లిపాయకారంతోని మూడు రొట్టెలు తిన్న ఒకరోజు, తొమ్మిదింటికి మళ్ల ఆకలే. ఆకలిని ఆపేది గుడాలు. రోజొక తీరు ఉంటయ్, అలసందలు, శనగలు, పెసలు, ఒక్కొక్కరోజు ఉలవలు. ఉడకబెట్టి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు ఏసి ఇస్తరు. పెసలల్ల, ఉలవలల్ల నూటికి ఇరవై గ్రాముల పైన్నే ప్రోటీన్ ఉంటది, శనగలల్ల కొంచెం తక్కువ గని పీచు మస్తు. మాంసం, పాలు బంద్ పెట్టినోళ్లకు ఇది లేకుంటే నడవదు, ఆకలి కాడనే గాదు, బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండ ఉండనీకి గూడ ప్రోటీన్ కావాలె. గుడాల మీద నిమ్మకాయ పిండుకుంట నేను, దాంట్ల విటమిన్ సి తోని గింజలల్ల ఇనుము ఒంటికి మంచిగ పడ్తది, తిన్న ఎంబడే చాయ తాగితే ఆ ఇనుము సరిగ పట్టదు, అందుకే చాయ గంటసేపు ఎనక్కి పెట్టుకున్న. పాలు లేని చాయ అయినా అంతే.

ఆకుకూర రోజుకు ఒకటి. పాలకూర, తోటకూర, పుంటికూర, వానాకాలంల గంగవాయిలి కూర. పుంటికూర పప్పు అయితే చెప్పనక్కర లేదు, నాకు చిన్నప్పుడు మా నాయనమ్మ చేతి రుచి యాదికొచ్చి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మా తాత పాలమూరు లేబర్ల కాలువలు తవ్వనీకి ఏడేడనో పోయినోడు, రొట్టెలు మూట కట్టుకొని పోయెటోళ్లంట, పొద్దుగాల అంబలి తాగి పగలంత పార పట్టేటోళ్లు. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం ఒచ్చినంక మా ఇంట్ల బువ్వ రోజు తిండి అయింది, జొన్నలు పండుగకు గూడ కనిపియ్యలే. బువ్వ దొరుకుడు అప్పుడు మాకు గొప్పే, నేను దాన్ని తప్పు అంటలేను. ఆ ఒంటి కష్టం ఇప్పుడు లేదు, తిండి మటుకు అంతనే తింటున్నం, నాకు అర్థమైంది అది.

కొన్ని బాగలేనివి గూడ చెప్త. వంకాయ కూరల నూనె ఎక్కువ, పైన తేలుతది. ఒక పెద్ద చెంచ నూనె అంటే 120 కేలరీలు, అంటే సగం రొట్టె కంటె ఎక్కువ. అక్కకు చెప్పిన, నాకు ఏరే తీసి పెట్టనీకి కాదు గద, అందుకే వంకాయ ఉన్న రోజు గుడాలు, ఆకుకూర మటుకే తీసుకుంట. పల్లికారం అడగకుండనే పెద్ద చెంచతోని ఏస్తరు, పల్లీలు మంచియే గని బరువు తగ్గేటోళ్లు ఒక్క చెంచ అని ముందే చెప్పాలె. ఆదివారం పక్క పొయ్యి మీద నాటుకోడి కూర చేస్తరు, ఒక్కటే గంటె రెండిట్ల పెడ్తుంటే నాకు కష్టమైంది, చెప్తే పెద్దక్క ఏం అనుకోకుండ మా గిన్నెకు ఏరే గంటె పెట్టింది, "నీకు పట్టింపు అయితే మాకు పట్టింపే" అన్నది. పార్సిల్ మటుకు కవర్ల కట్టిస్తరు, ఆవిరికి రొట్టె మెత్తబడి తోలు లెక్క అయితది, స్టీలు డబ్బా, గుడ్డ మీరే తీసుకపోండి. కూసునేతందుకు రెండు బెంచీలే, ఆడోళ్లకు చేతులు కడుక్కునే జాగ సరిగ లేదు, అది బాగు చేస్తే మస్తు మంచిగుంటది. రొట్టె 15 రూపాయలు, గుడాలు 20, కూర 20.

ఇంకో మాట, ఈ తిండికి ఒక్కసారే మారకండి. నేను మొదటి వారం రోజూ గుడాలు తిని కడుపు ఉబ్బి ఇబ్బంది పడ్డ. పీచు పెరిగితే నీళ్లు గూడ పెంచాలె, గుడాలు చారెడు నుంచి మొదలువెట్టి మెల్లగ పెంచుకోవాలె. బి12 అనేది మొక్కల తిండిల దొరకదు, పాలు గుడ్లు కూడ తిననోళ్లు డాక్టరును అడిగి గోలి ఏసుకోవాలె, నేను ఏసుకుంటున్న. షుగర్ మందులు వాడేటోళ్లయితే తిండి మార్చేముందు తప్పకుండ డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చాల్సి రావొచ్చు.

సాయంత్రం నాలుగున్నర ఆకలికి గూడ ఒక ఉపాయం దొరికింది, పొద్దుగాల గుప్పెడు శనగలు నానబెట్టుకొని ఆఫీసుకు తెచ్చుకుంట, అవి నమిలినంక మిర్చి బండి దిక్కు కాళ్లు పోతలేవు. నిద్ర తక్కువైన రోజు మటుకు ఎంత తిన్నా గుంజుతది, ఆ రోజు మూడో రొట్టె తింట, బాధపడ.

ఇప్పుడు నా బరువు 71, పోయిన నెల షుగర్ సగటు 5.6. వారానికి అరకిలో కూడ తగ్గలేదు, కొన్ని వారాలు అస్సలు కదలలేదు, కాని ఆకలితోని ఏడ్చిన రోజు ఒక్కటి లేదు. ఐదుకు నాలుగున్నర ఇస్త, ఆ సగం నూనెకు, చేతులు కడిగే జాగకు.

అమావాస్య నాడు పొయ్యి పెట్టరు. మిగిలిన రోజులల్ల ఏడు దాటితే గుడాలు అయిపోతయ్, రొట్టె, వంకాయ కూరనే మిగుల్తది, అందుకే ఆరున్నర లోపల పోండి.