సికింద్రాబాద్ చిలకలగూడలో రైల్వే పెన్షన్ సలహా: 800 రూపాయలకు మాకు తెలిసింది

మా వారు గూడ్స్ లోకో పైలట్. 1998లో డీజిల్ అసిస్టెంట్‌గా చేరారు, ఇప్పుడు 53 ఏళ్లు. 2025 వేసవిలో పీఎంఈ (రైల్వేలో అప్పుడప్పుడూ చేసే మెడికల్ పరీక్ష) కోసం లాలాగూడ సెంట్రల్ హాస్పిటల్‌కి వెళ్తే కంటి డాక్టరు గ్లాకోమా అన్నారు. ఎదురుగా ఉన్న సిగ్నల్ కనిపిస్తుంది గానీ పక్క చూపు బాగా తగ్గిపోయింది. బండి నడిపేవాళ్లకి కావాల్సిన ఎ-1 మెడికల్ కేటగిరీకి పనికిరారు, ఇక బండి ఎక్కకూడదని రాసిచ్చారు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. "ఇరవై ఏడేళ్లు బండి నడిపినవాణ్ణి, ఇప్పుడు లాబీ ఆఫీసులో కూర్చుని వేరేవాళ్ల డ్యూటీలు రాయలేను. మానేస్తాను" అన్నారు.

మానేయడానికి రైల్వేలో ఒక్కటే పేరు ఉండదని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పారని ముందు ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. 3,500 రూపాయలు తీసుకుని, పది నిమిషాల్లో ఒక లెటర్ టైప్ చేసిచ్చారు. అందులో "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని ఉంది. సంతకం పెట్టడమే తరువాయి. మా పక్క క్వార్టర్ ఆవిడ ఆ కాగితం చూసి, "వదినా, ఇది ఇవ్వకండి, ముందు చిలకలగూడ వెళ్లి అడగండి" అని గట్టిగా చెప్పింది.

అలా వెళ్లాం. చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపు పైన, రెండో అంతస్తు. ఉద్యోగుల సర్వీసు, పెన్షన్ పనులు చూసే పర్సనల్ బ్రాంచిలో పనిచేసి రిటైరైన ఓఎస్ (ఆఫీస్ సూపరింటెండెంట్) గారు ఆదివారాలు పది నుంచి ఒంటి గంట దాకా కూర్చుంటారు. ప్రచారం వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు, ఆ చుట్టుపక్కల రైల్వేవాళ్లని ఎవర్ని అడిగినా చెబుతారు. ఫీజు 800. మాతో గంటన్నర కూర్చున్నారు.

ముందు ఆ లెటర్ చదివి పక్కన పెట్టారు. "అమ్మా, రాజీనామా అంటే 1993 పెన్షన్ రూల్స్ ప్రకారం చేసిన సర్వీసంతా పోయినట్టే. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. ఇరవై ఏళ్ల సర్వీసు దాటినవాళ్లు మూడు నెలల నోటీసిచ్చి వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోవచ్చు, దానికి పెన్షన్ ఉంది. మీ ఆయన బయటికి రావాలనుకుంటే ఆ దారినే రావాలి" అన్నారు. నా చేతులు చల్లబడ్డాయి. ఒక్క మాట తేడాతో ఇరవై ఏడేళ్ల కష్టం పోయేది.

తర్వాత ఆయన చెప్పిన విషయమే అన్నిటికంటే ముఖ్యం. అసలు మానేయాల్సిన అవసరమే లేదట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్, నాలుగో ఉపవిభాగం ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినవాళ్లని ఉద్యోగంలోంచి తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. అదే పే స్కేలులో వేరే పోస్టు ఇవ్వాలి. అలాంటి పోస్టు లేకపోతే, దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే అదనంగా సృష్టించిన పోస్టులో, ఉంచాలి. మా వారు అంతసేపూ తల వంచుకుని కూర్చున్నారు. ఈ మాట విన్నాక మొదటిసారి తలెత్తి, "అంటే నన్ను దయ తలచి ఉంచుకోవడం కాదన్నమాట" అని అడిగారు. "దయ కాదు బాబూ, నీ హక్కు" అన్నారాయన.

అప్పుడు పెన్సిల్ తీసుకుని లెక్క వేశారు. మా వారి బేసిక్ 62,200. రన్నింగ్ స్టాఫ్‌కి, అంటే బండి మీద పనిచేసేవాళ్లకి, పెన్షన్ లెక్కలో బేసిక్ మీద 55 శాతం కలుపుతారు. అంటే 96,410, అందులో సగం 48,205. ఈ సంగతి తెలియనివాళ్లు 62,200లో సగం, 31,100 అనుకుని బెంగపడతారు. వేరే పోస్టులోకి మారితే బేసిక్‌కి 30 శాతం కలిపి, అంటే 80,860 ఆధారంగా, అక్కడి పే ఫిక్స్ చేస్తారు. అప్పుడు సగం నలభై వేలు దాటుతుంది. చూడ్డానికి తక్కువే, కానీ ఇంకా ఏడేళ్ల జీతం, ఏటా ఇంక్రిమెంటు ఉన్నాయి. కంగారు పడకుండా రెండూ పక్కపక్కన రాసుకుని ఇంట్లో మాట్లాడుకోమన్నారు. గ్రాట్యుటీ పరిమితి 2024 జనవరి 1 నుంచి 25 లక్షలు. పెన్షన్‌లో 40 శాతం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ముందే ఒకేసారి డబ్బుగా తీసుకోవచ్చు, పదిహేనేళ్లకి ఆ భాగం మళ్లీ కలుస్తుంది. ఇవి త్వరగానే చెప్పేశారు, అవసరమైతే ఇంకోసారి రమ్మన్నారు.

నాకు పెన్షన్ కంటే హాస్పిటలే ఎక్కువ. గ్లాకోమాకి జీవితాంతం చుక్కల మందు వేయాలి, చెకప్‌లు ఉంటాయి. రిటైరయ్యాక రైల్వే వైద్యం ఆర్‌ఈఎల్‌హెచ్‌ఎస్ (రిటైరైన ఉద్యోగుల వైద్య పథకం) కిందే అందుతుంది, దానికి మామూలుగా ఇరవై ఏళ్ల సర్వీసు కావాలి. మాకు ఉంది. రాజీనామా చేసి ఉంటే లాలాగూడ హాస్పిటల్ కార్డు కూడా పోయేది.

ఆయన పనితనం నాకు తెలిసింది సర్వీస్ రికార్డు దగ్గర. మేం తెచ్చిన జిరాక్సులు ఒక్కో పేజీ తిప్పి చూశారు. 2006లో 47 రోజులు జీతం లేని సెలవు పడి ఉంది. మెడికల్ సర్టిఫికెట్ మీద పెట్టిన సెలవైతే సర్వీసులో కలుస్తుంది, లేకపోతే మామూలుగా కలవదు. ఆ సర్టిఫికెట్ ఎంట్రీ రికార్డులో ఉందో లేదో ఆఫీసులో ఇప్పుడే చూసుకోమన్నారు. ఇంకొకటి, నా పుట్టినతేదీ ఆధార్‌లో ఒకటి, ఫ్యామిలీ వివరాల్లో ఇంకొకటి. రేపు ఆయన లేని రోజున ఫ్యామిలీ పెన్షన్‌కి నేను తిరగాల్సి వస్తే ఆ తేడాయే అడ్డు పడుతుందట. ఆ మాట మా వారి ముందే అనాల్సి వచ్చినందుకు ఓఎస్ గారు కాస్త ఇబ్బంది పడ్డారు. కానీ చెప్పడం మానలేదు, అందుకు నేను దండం పెడతాను.

లోటు ఒకటి ఉంది. మా మరిది 2012లో ట్రాక్‌మన్‌గా చేరాడు, అతనిది ఎన్‌పీఎస్ (నేషనల్ పెన్షన్ సిస్టమ్). 2004 జనవరి 1 నుంచి చేరినవాళ్ల లెక్కే వేరు. అరవై రాకముందే మానేస్తే జమ అయిన మొత్తంలో (కార్పస్‌లో) మామూలుగా 80 శాతం నెలనెలా పెన్షన్ ఇచ్చే యాన్యుటీకే పెట్టాలని చెప్పారు. కొత్తగా వచ్చిన యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) గురించి అడిగితే మాత్రం అంత వివరంగా చెప్పలేకపోయారు. 2025 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది కాబట్టి ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమన్నారు. ఎన్‌పీఎస్ వాళ్లకి ఈ ఒక్క చోటు సరిపోదు.

మా వారు వాలంటరీ ఆలోచన మానుకున్నారు. వేరే పోస్టు తేల్చే స్క్రీనింగ్ కమిటీ ముందుకి వెళ్లారు, లాబీలో పోస్టు ఇచ్చారు. మొదటి వారం ఇంటికొచ్చి ఎక్కువ మాట్లాడలేదు. ఇప్పుడు కొత్తగా చేరిన అసిస్టెంట్లు వచ్చి ఘాట్ సెక్షన్‌లో బ్రేక్ ఎలా వేయాలని అడుగుతున్నారట. రాత్రి భోజనం దగ్గర అవే చెబుతున్నారు.

వెళ్లేవాళ్లు మెడికల్ మెమో, చివరి మూడు పే స్లిప్పులు, సర్వీస్ రికార్డు జిరాక్సులు, ఇద్దరి ఆధార్ కార్డులు పట్టుకెళ్లండి. భార్య కూడా వెళ్లాలి, ఆయన ఇద్దరితోనూ మాట్లాడతారు. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు, లైటు కూడా సరిగా లేదు. చూపు సరిగా లేనివాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. మా వారిని నేను చెయ్యి పట్టుకునే ఎక్కించాను. రెండోసారి వెళ్లినప్పుడు ముందే ఫోన్ చేశాం. జిరాక్స్ షాపు ముందున్న బెంచీ మీదికి ఆయనే ఫైలు పట్టుకుని దిగి వచ్చారు.