ఇంటి ఫొటోలకు ఫుల్ ఫ్రేమ్ కావాలా?

మా తమ్ముడిది కెనాన్ ఆర్8 కెమెరా, ఫుల్ ఫ్రేమ్, అంటే లోపల ఫొటోను పట్టే సెన్సర్ పెద్దది. నాది కెనాన్ ఆర్50, క్రాప్ సెన్సర్, అంటే అంతకన్నా చిన్నది. రెండూ 24 మెగాపిక్సెళ్లే. పాప అన్నప్రాసనలో రెండూ వాడాం. పగలు వాకిట్లో తీసినవి ఏ కెమెరావో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. తేడా రాత్రి బయటపడింది. ట్యూబ్‌లైటు వెలుగులో, ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులో ఫొటోను ప్రకాశవంతం చేసే సెట్టింగ్) 6400 దగ్గర, అమ్మమ్మ ముదురు నీలం చీర మీద నా ఫొటోల్లో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, తేలింది. వాడివి నున్నగా వచ్చాయి. పైగా 50 ఎంఎం లెన్స్ నా కెమెరాలో 80 ఎంఎం లాగా చూపిస్తుంది, అంటే దృశ్యం దగ్గరగా, ఇరుకుగా పడుతుంది. పీట మీద పాప ఒక్కతే అయితే అద్భుతం, చుట్టాలందరూ పడాలంటే గోడకు అతుక్కుపోవాలి.

అయినా నా ఓటు క్రాప్‌కే. లెన్స్ కాకుండా, బ్యాటరీ, కార్డుతో కలిపి నా కెమెరా 375 గ్రాములు. పిల్లను చంకనేసుకుని ఒంటిచేత్తో తీయొచ్చు. ఫుల్ ఫ్రేమ్ కొనకుండా మిగిలిన డబ్బుతో ఎక్కువ వెడల్పు పట్టే 16 ఎంఎం లెన్స్ కొనుక్కోండి, గ్రూపు ఫొటోల టెన్షన్ ఉండదు.