పేదరికపు గీత: 60 శాతం లెక్కా, 3 డాలర్ల లెక్కా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ పక్కన ఐదు ఇళ్లున్నాయనుకోండి. నెల ఆదాయాలు 8, 14, 20, 30, 60 వేలు. యూరప్ పద్ధతిలో మధ్యలో ఉన్న 20 వేలు తీసుకుని, అందులో 60 శాతం, అంటే 12 వేల దగ్గర గీత గీస్తారు. ఒక్క ఇల్లే దాని కింద పడుతుంది.

ఇప్పుడు 60 వేల ఇంటికి 6 లక్షలు వచ్చాయనుకోండి. అసమానతను కొలిచే గినీ సూచిక ఎగబాకుతుంది, గీత మాత్రం కదలదు. అసమానత పెరిగితే పేదరికపు ముప్పూ, అంటే గీత కింద పడేవాళ్ల వాటా కూడా, పెరిగి తీరుతుందనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. తేడా అట్టడుగున పెరిగిందా, పైన పెరిగిందా అన్నదే అసలు సంగతి.

అందరి ఆదాయం సగమైతే? గినీ మారదు, గీత కూడా సగానికి దిగుతుంది కాబట్టి దాని కింద మళ్లీ ఒక్క ఇల్లే. ఆకలి పెరిగినా ఈ లెక్కకు కనిపించదు. దాన్ని పట్టేది ప్రపంచ బ్యాంకు గీత: 2025 జూన్ నుంచి మనిషికి రోజుకు 3 డాలర్లు, 2021 కొనుగోలు శక్తి ప్రకారం, అంటే అప్పట్లో అమెరికాలో 3 డాలర్లకు వచ్చే సరుకులు ఒక్కో దేశంలో ఎంతకు వస్తాయో ఆ లెక్కన. నేటి మారకం రేటుతో గుణిస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

యూరప్ లెక్కలో ఇంటి ఆదాయాన్ని తలలతో భాగించరు. మొదటి పెద్దకు 1, రెండో పెద్దకు 0.5, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు తలా 0.3 చొప్పున కూడి, ఆ మొత్తంతో భాగిస్తారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న హమాలీ ఇంటికి 21 వేలొస్తే, 2.1తో భాగిస్తే 10 వేలు. నాలుగుతో భాగిస్తే 5,250, అంటే దాదాపు సగం.

దేశాలను పోల్చేటప్పుడు రెండు గీతలూ పక్కపక్కన పెట్టాల్సిందే. మన దగ్గర సర్వేలు ఎక్కువగా ఖర్చును అడుగుతాయి, యూరప్‌లో ఆదాయాన్ని. ఉన్నవాళ్లు ఖర్చు చేయకుండా దాచుకునేది ఎక్కువ కాబట్టి ఖర్చు మీద కట్టిన గినీ సాధారణంగా తక్కువ వస్తుంది.