పక్షవాతం తర్వాత ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపీ, అమలాపురం: మా ఎనిమిది నెలల అనుభవం

నాన్నగారికి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయి ఎనిమిది నెలలైంది. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చాక అమలాపురం నుంచి మా లంక ఊరికి వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టు వస్తున్నారు, వచ్చినప్పుడల్లా 500. చెయ్యి లేస్తే చాలని పిలిచాం. ఆయన మాత్రం మొదటి రోజు చెయ్యి జోలికే వెళ్లకుండా నాన్నగారిని నిటారుగా కూర్చోబెట్టి, గ్లాసు చేతికిచ్చి "బాబాయ్‌గారూ, ఒక్క గుటక తాగండి" అన్నారు.

వెంటనే పొలమారింది. మింగడం సరిగా లేనివాళ్లకి అన్నం మెతుకులూ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుందని, స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లో, నెలల్లో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో అదొకటని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. అప్పటిదాకా మంచం మీద వెనక్కి వాలి ఉన్న మనిషికే గంజి పోసేవాళ్లం, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ గండం గడిచాక, ఏళ్లు గడిచేకొద్దీ భయపడాల్సింది ఎక్కువగా గుండె గురించి, మళ్లీ వచ్చే స్ట్రోక్ గురించి అన్నారు. మెదడుకెళ్లే రక్తనాళాన్ని పాడుచేసిన బీపీ, సుగర్, పొగ గుండె రక్తనాళాల్నీ వదిలిపెట్టవు కదా. ఓ రోజు నాడి చూసి లయ తప్పుతోందని ఈసీజీకి పంపారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. అంటే గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకి పోయే ప్రమాదం. డాక్టరుగారు దానికి వేరే మందు రాశారు. బీపీ 130/80 లోపు ఉండాలన్నారు, రోజూ పొద్దున్నే చూసి నోటుబుక్కులో రాస్తున్నాం. నలభై ఏళ్లుగా కాల్చిన లంక పొగాకు చుట్ట మానిపించడానికి ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. ఆవకాయ, ఎండుచేపలు కూడా తగ్గించాం, ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదట.

నాకు నచ్చనివి రెండున్నాయి. గోదావరి పొంగి కాజ్‌వే మునిగిన పన్నెండు రోజులూ ఎవరూ రాలేదు, అది వాళ్ల తప్పు కాదు, కానీ ఒక్క వీడియో కాల్ అయినా చేసి ఏం చేయించాలో చెప్పి ఉండాల్సింది, ఈలోపు మడమ బిగుసుకుపోయింది. రెండోది, నాన్నగారు మాట్లాడటం తగ్గించేసి గోడకేసి చూస్తూ కూర్చుంటుంటే ఎవరూ పట్టించుకోలేదు. స్ట్రోక్ తర్వాత చాలామందికి డిప్రెషన్ వస్తుందని, దానికీ మందులున్నాయని మా అక్క పట్టుబట్టి డాక్టరుగారిని అడిగితేనే తెలిసింది.

నాన్నగారు ఇప్పుడు చేతికర్రతో అరుగు దాకా నడుస్తున్నారు. ఇంకా వీళ్లనే పిలుస్తున్నాం. లంక ఊళ్లవాళ్లు మాత్రం వరదల్లో రాలేకపోతే ఏం చేస్తారో ముందే అడిగి మాట్లాడుకోండి.